పైన మాడదు, లోపల ఎండదు

విశాఖపట్నంలో తిండి గురించి ఏ నలుగురు మాట్లాడుకున్నా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. బీచ్ రోడ్డు పెద్ద హోటళ్లలో ‘సీర్ ఫిష్ స్టేక్’ అని తెచ్చిపెట్టేది మనం ఫిషింగ్ హార్బర్లో కొనుక్కునే కోనమే కదా? అదే సముద్రం, అవే పడవలు. దాని మీద ఉప్పు, మిరియాలు తప్ప మరేమీ కనపడదు. అయినా ముక్క పైన తేనెరంగులో కరకరలాడుతుంది, లోపల పొరలు పొరలుగా తడిగా విడిపోతుంది. అదే ముక్కని ఇంట్లో మసాలా లేకుండా పెనం మీద వేస్తే పైన పాలిపోయి, లోపల పీచులా ఎండిపోతుంది. ఎందుకని?

ముందుగా స్టేక్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. కండని దళసరిగా, అడ్డంగా కోసి, పెద్దగా మసాలా లేకుండా గట్టి వేడి మీద కాల్చినది స్టేక్. అమెరికా నగరాల్లో దీనికోసమే ఖరీదైన స్టేక్‌హౌస్‌లు ఉంటాయి. అక్కడ పెద్దపీట గొడ్డుమాంసానిది. మన దగ్గర ఆవుల్నీ దూడల్నీ వధించకూడదని 1977 నాటి చట్టం ఉంది. అందుకని మన హోటళ్ల గ్రిల్ మెనూలో ఆ చోటు ఎక్కువగా చేపకీ కోడికీ పొట్టేలుకీ దక్కింది. రేవు ఊరు కాబట్టి విశాఖలో కోనానిదే పైచెయ్యి. నెల్లూరు వైపు వాళ్లు, చెన్నై వాళ్లు దీన్నే వంజరం అంటారు. ఏ జీవి కండ అయినా అందులో ముప్పాతిక వంతు నీరే కాబట్టి ఇక్కడ చెప్పబోయేది కాస్త హెచ్చుతగ్గులతో అన్నిటికీ వర్తిస్తుంది.

ఇడ్లీ పిండితో దిబ్బరొట్టె

ఒకే గిన్నెలో పిండి. కొంత ఇడ్లీ పాత్రలోకి వెళ్లింది, మిగిలింది నూనె వేసిన మూకుట్లోకి వెళ్లింది. పావుగంటయ్యాక ఇడ్లీ మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది. దిబ్బరొట్టె అడుగున ఎర్రటి పెంకు కట్టింది, పైన మాత్రం ఇడ్లీలాగే మెత్తగా ఉంది. ఇంట్లో ఎవరిని అడిగినా ఆ పెంకు ముక్కే కావాలంటారు. పిండి ఒకటే, మినపపప్పు ఒకటే, రవ్వ ఒకటే. తేడా అంతా వేడిలోనూ నీటిలోనూ ఉంది.

ఇడ్లీ పాత్రలో ఉండేది ఆవిరి. మంట ఎంత పెంచినా అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. మూకుడు అడుగున అలాంటి హద్దు లేదు. పిండికి ఆనుకున్న చోట నీరు ఇగిరిపోగానే వేడి 140 డిగ్రీలు దాటుతుంది. అక్కడినుంచి కొత్త రసాయనం మొదలవుతుంది. పిండిలోని ప్రోటీన్ల ముక్కలూ చక్కెర ముక్కలూ ఒకదాన్నొకటి పట్టుకుని, విడిపోయి, మళ్లీ కలిసి, మొదట లేని వందలాది పదార్థాలుగా మారతాయి. కొన్నిటికి ఎర్ర గోధుమ రంగు ఉంటుంది, చాలావాటికి వాసన ఉంటుంది. కాల్చిన రొట్టెలోనూ, వేయించిన కాఫీ గింజలోనూ, పెనం మీది ముక్కలోనూ మన నోరూరించేవి ఇవే. దీన్ని మనం ‘ఎర్రబడే చర్య’ అనుకుందాం. శాస్త్రవేత్తలు మెయిలార్డ్ చర్య అంటారు.

ఫ్రాన్సుకు చెందిన లూయీ కమీ మెయిలార్డ్ 1912లో దీన్ని ప్రకటించాడు. ఆయనకి వంటతో పని లేదు. శరీరంలో ప్రోటీన్లు ఎలా తయారవుతాయో తేల్చుకుందామని అమినో ఆమ్లాలని చక్కెరతో కలిపి వేడిచేస్తే గొట్టంలో సరుకు గోధుమరంగుకి తిరిగింది. ఆ తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకి పంపిన గుడ్ల పొడి నిల్వలో రంగు మారి రుచి చెడేసరికి మళ్లీ ఆ పాత పరిశోధన అవసరమైంది. చర్యలోని మెట్లన్నిటినీ అమెరికా వ్యవసాయ శాఖ రసాయనవేత్త జాన్ హాడ్జ్ 1953లో ఒక పటంగా గీసి చూపించాడు.

అరకు దారిలో అమ్మే బొంగులో చికెన్ ఎందుకు ఎర్రబడదో ఇప్పుడు చెప్పొచ్చు. వెదురు బొంగులో కోడిముక్కలు కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద పెడతారు. బయట మంట వందల డిగ్రీలున్నా లోపల ముక్కలు తమ నీటిలోనే, తమ ఆవిరిలోనే ఉడుకుతాయి. మెత్తగా, రసంతో, వెదురు వాసనతో వస్తాయి. పెంకు మాత్రం కట్టవు.

ఇంట్లో కోనం ముక్క పాలిపోవడానికి కారణం సరిగ్గా ఇదే. కడిగిన ముక్కని నీళ్లోడుతుండగానే పెనం మీద వేస్తాం. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి తేవడానికి 70 కేలరీల వేడి చాలు. అదే గ్రాము నీటిని ఆవిరి చెయ్యాలంటే మరో 540 కేలరీలు కావాలి, అంటే దాదాపు ఎనిమిది రెట్లు. ముక్క మీది తడి పెనం వేడినంతా ఇలా మింగేస్తుంది. ఆ తడి ఆరేదాకా ముక్క వేగదు, ఉడుకుతుంది. పైన ఎర్రబడే వేళకి లోపల ఎండిపోతుంది. హోటల్ వంటగదిలో ముక్కని ముందు కాగితంతో అద్దుతారు. ఒకసారి అద్ది, తిప్పి మళ్లీ అద్ది, ఒక్కోసారి కప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టి పైచర్మం ఆరనిస్తారు. మెనూలో ఎక్కడా రాయని ఈ పనికి సగం మార్కులు ఇవ్వాలి.

ఉప్పు సంగతి కూడా ఇక్కడిదే. ఉప్పు చల్లిన కొద్ది నిమిషాలకి ముక్క మీద నీటి చుక్కలు తేలతాయి. ఆ సమయంలో పెనం మీద వేస్తే పైన చెప్పిన కష్టమంతా మళ్లీ వస్తుంది. పెనం మీద వేసే క్షణంలో చల్లాలి, లేదా ఓ గంట ముందే చల్లి ఆ ఉప్పునీరు మళ్లీ కండలోకి ఇంకేదాకా ఆగాలి. మనం సాధారణంగా ఈ రెంటికీ మధ్యలోనే చల్లుతాం.

మన మసాలా వేపుడు దీనికన్నా తక్కువదని అనుకోకండి. దాని పద్ధతే వేరు. అక్కడ ఎర్రబడేది, కరకరలాడేది అల్లం వెల్లుల్లి, కారం, పసుపు కలిసిన పూత. చేప ఆ పూతకి లోపల ఆసరాగా ఉంటుంది. రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టడం అన్యాయం.

కండ కథ

పైన 140 దాటాలి, సరే. లోపల ఎంత ఉండాలి? చిక్కంతా ఇక్కడే.

కోనం ముక్కని చేతిలోకి తీసుకుని ఒకసారి పరిశీలనగా చూడండి. మధ్యలో వెన్నుముల్లు, దాని చుట్టూ ఒకదానిలో ఒకటి ఒదిగిన వంకీల్లా కండ పొరలు కనిపిస్తాయి. రెండు పక్కలా తోలుకి దగ్గరగా ముదురు రంగు పట్టీ ఒకటి ఉంటుంది. కోనం ఆగకుండా ఈదే చేప. నిలకడగా ఈదడానికి పనిచేసే కండ ఆ ముదురు పట్టీ. మిగతా తెల్ల కండంతా ఒక్కసారిగా దూకడానికి. ముదురు పట్టీలో కొవ్వూ వాసనా ఎక్కువ. కొందరు అది తీసేస్తారు. నాకైతే అదే ఇష్టం.

పొరకీ పొరకీ మధ్య పల్చటి తెర ఉంటుంది. అది కొల్లాజెన్ అనే జిగురు ప్రోటీన్. చేప బరువుని నీరే మోస్తుంది కాబట్టి ఆ తెర పల్చగా ఉన్నా సరిపోతుంది. 50 డిగ్రీలు దాటేసరికి అది కరిగి పొరలు విడిపోవడం మొదలవుతుంది. కండపోగుల్లోని ప్రోటీన్లు కూడా ఆ ప్రాంతంలోనే గడ్డకట్టి తెల్లబడతాయి. ఇక 60 దాటిందంటే పోగులు ముడుచుకుని నీటిని బయటికి పిండేస్తాయి. ముక్క పక్కల్లోంచి తెల్లటి నురుగు గడ్డలా ఊరడం చూసే ఉంటారు. అది కండలో కరిగి ఉన్న ప్రోటీను, పిండుడు పడి బయటికొచ్చి వేడికి గడ్డకట్టింది. అది కనిపించిందంటే మంట తీసెయ్యాల్సిన సమయం అప్పటికే దాటిపోతోందన్నమాట.

మేకది వేరే లెక్క. నాలుగు కాళ్ల మీద శరీరాన్ని మోస్తూ కొండలెక్కే జీవి అది. దాని తొడకండలో కొల్లాజెన్ దట్టంగా, గట్టిగా అల్లుకుని ఉంటుంది. అది కరగాలంటే 70 డిగ్రీల పైన గంటలు పట్టాలి. అందుకే మనం మేకమాంసాన్ని కుక్కర్లో పెడతాం. కుక్కర్లో వేడి సుమారు 120 డిగ్రీలకి చేరుతుంది, అరగంటలో కొల్లాజెన్ కరిగి పులుసు చిక్కబడుతుంది. పోగులు నీరు కోల్పోయినా ఈ జిగురు రసం వాటిని తడిపి ఉంచుతుంది. స్టేక్‌కి అంత సమయం ఇవ్వరు. అందుకని బరువు మొయ్యని, ఎక్కువ పనిచెయ్యని కండే కావాలి. నడుము లోపలి వైపు వెన్నెముకని ఆనుకుని ఉండే కండ అలాంటిది. పెద్ద శరీరంలో అది కాస్తే దొరుకుతుంది. ఖరీదు అందుకే. బొప్పాయికాయ గుజ్జు పట్టించే మన చిట్కా కూడా మంచిదే. అందులోని పపాయిన్ అనే ఎంజైము ప్రోటీన్లని తెంపుతుంది. కాకపోతే అది పైపొరని దాటి లోపలికి ఎక్కువ దూరం పోదు.

స్టేక్‌హౌస్‌లో వెయిటర్ అడిగే ‘రేర్, మీడియమ్, వెల్‌డన్’ అన్నవి ముక్క నడిమధ్య వేడికి పెట్టిన పేర్లే. రేర్ అంటే 50 దాటి కొద్దిగా, మీడియమ్ అంటే 60 దగ్గర, వెల్‌డన్ అంటే 70 పైన. ఇరవై డిగ్రీల తేడాలోనే పచ్చిదనం నుంచి తోలుముక్క దాకా అన్నీ ఉన్నాయి. చేపకి ఆ ఇరవై కూడా లేదు, మహా అయితే పది.

కూర్మన్నపాలెం గేటు లోపల

పైపొర 140 దాటాలి, రెండు సెంటీమీటర్ల ముక్క మధ్యలో 60 దాటకూడదు. ఒకే వస్తువులో రెండు వేడులు. దీన్ని సాధించడంలో కూర్మన్నపాలెం గేటు లోపలి విశాఖ ఉక్కు కర్మాగారం ఏ వంటవాడికీ తీసిపోదు.

1966 ఉద్యమంతో సాధించుకుని, 1992లో జాతికి అంకితమైన ఈ కర్మాగారంలో తయారయ్యేది ఎక్కువగా పొడవు సరుకు: కడ్డీలు, చువ్వలు, యాంగిళ్లు. ఇంటి శ్లాబులో వేసే టీఎంటీ కడ్డీ ఎలా పుడుతుందో చూద్దాం. ఉక్కు దిమ్మెని కొలిమిలో దాదాపు 1200 డిగ్రీల దాకా కాల్చి, రోలర్ల మధ్య నొక్కుకుంటూ పోతే సన్నటి కడ్డీ అవుతుంది. చివరి రోలర్ దాటేటప్పటికి అది ఇంకా నారింజ రంగులో మెరుస్తూ ఉంటుంది. అక్కడ దాన్ని గట్టి ఒత్తిడితో నీళ్లు చిమ్మే గొట్టాల గుండా పంపుతారు. లోపల ఉండేది ఏ ఒకటి రెండు సెకన్లో. బయటికి వచ్చేసరికి కడ్డీ నల్లబడి ఉంటుంది. చల్లారిపోయిందనుకుంటాం. మరుక్షణం దాని ఒంటి మీద మసక ఎరుపు మళ్లీ పాకుతుంది. పైపొర మాత్రమే చల్లబడింది, నడిగర్భం ఇంకా మండుతూనే ఉంది. ఆ వేడి బయటికి నడిచి వచ్చి, పైపొరని తిరిగి 600 డిగ్రీల దగ్గరకి తెచ్చి, దానిలోని పెళుసుదనాన్ని తీసేస్తుంది. ఆ కడ్డీని అడ్డంగా కోసి, నున్నగా అరగదీసి, ఆమ్లం పూస్తే చుట్టూ ముదురు ఉంగరం, లోపల లేతరంగు గుండ్రం కనిపిస్తాయి. ఉంగరం గట్టిది. లోపలిది మెత్తనిది, విరగకుండా వంగుతుంది. భూకంపం వస్తే కావలసిన గుణం అదే.

స్టేక్ ముక్కని అడ్డంగా కోస్తే కనిపించేదీ అలాంటి ఉంగరమే. కాకపోతే వేడి నడిచే దిక్కు తిరగబడింది. కడ్డీలో లోపలి నుంచి బయటికి, ముక్కలో బయటి నుంచి లోపలికి. రెంటికీ వర్తించే సూత్రం ఒకటే, దాన్ని ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియే 1822లో పుస్తకంగా రాసిపెట్టాడు. అందులోంచి వంటగదికి కావలసిన సంగతి ఒకటుంది. మందం రెట్టింపయితే వేడి నడిమధ్యకి చేరే సమయం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఒక సెంటీమీటరు ముక్కకి రెండు నిమిషాలు పడితే రెండు సెంటీమీటర్ల ముక్కకి ఎనిమిది. హార్బర్లో చేప కోయించుకునేటప్పుడు ‘సన్నగా కొట్టు’ అంటాం. పులుసుకి అది బాగానే ఉంటుంది. గ్రిల్లుకి మాత్రం సన్నముక్క పనికిరాదు. పైన ఎర్రబడేలోపే వేడి మధ్యకి చేరిపోతుంది, ఉంగరం కట్టే వ్యవధి దొరకదు. హోటల్ ముక్క దళసరిగా ఉండటంలో దర్జా కొంత ఉంటే ఉండొచ్చు గానీ అసలు అవసరం ఇది.

కాల్చిన ముక్కని వెంటనే వడ్డించకుండా పక్కన పెట్టడం కూడా కడ్డీ పాఠమే. మంట మీంచి తీశాక కూడా పైపొరలోని వేడి లోపలికి నడుస్తూనే ఉంటుంది. దళసరి మాంసం ముక్క అయితే మధ్యలో మరో మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. ఆ సంగతి తెలిసిన వంటవాడు నాలుగు డిగ్రీలు ముందే దించేస్తాడు. ఆలోపు వేడికి పల్చబడిన రసం కూడా కాస్త చిక్కబడుతుంది, కత్తి పెట్టగానే పళ్లెంలోకి కారిపోదు. మాంసానికి అయిదు నిమిషాలు, కోనానికి ఒక్క నిమిషం.

పెనం కూడా ఇనుముదైతే మంచిదని అంటారు. నిజానికి వేడిని పంచడంలో పోత ఇనుము అల్యూమినియం కన్నా చాలా మందకొడి. దాని గొప్పతనం బరువులో ఉంది. బరువైన పెనం బోలెడంత వేడిని దాచుకుంటుంది, చల్లటి ముక్క మీద పడగానే నీరసపడిపోదు. పల్చటి నాన్‌స్టిక్ పెనం అలా పడిపోతుంది. దాన్ని మరీ కాలుద్దామంటే 260 డిగ్రీలు దాటాక పూతే చెడిపోవడం మొదలవుతుంది.

సుర్రుమనే చప్పుడు

జర్మన్ రసాయనవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ 1847లో ఒక మాట అన్నాడు. గట్టి వేడి తగలగానే మాంసం పైపొర గడ్డకట్టి గోడలా నిలుస్తుందనీ, లోపలి రసాన్ని బయటికి పోనివ్వదనీ దాని సారాంశం. ఆయన అప్పట్లో చాలా పేరున్నవాడు. వంట పుస్తకాలన్నీ ఆ మాటని పట్టుకున్నాయి, ఇప్పటికీ టీవీ వంటల్లో వినిపిస్తుంది. 1930ల్లో అమెరికాలో మాంసాన్ని మొదట గట్టి వేడి తగిలించీ, తగిలించకుండా రెండు విధాలా కాల్చి తూకం వేసి చూశారు. మొదట గట్టిగా కాల్చిన ముక్క రసాన్ని దాచుకోలేదు సరికదా కొంచెం ఎక్కువే పోగొట్టుకుంది.

తూకం అక్కర్లేదు, చెవులున్నా చాలు. ముక్క పెనం మీద ఉన్నంతసేపూ సుర్రుమంటూనే ఉంటుంది. ఆ సుర్రు నీటి చుక్కలు ఆవిరై పేలే చప్పుడు. గోడ కట్టి ఉంటే ఆ చప్పుడు ఎప్పుడో ఆగిపోయేది. గట్టిగా కాల్చేది రుచి కోసం, రసం కోసం కాదు.

పెనం కాగిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చిలకరించి చూస్తాం. 100 దాటినప్పుడు చుక్క పడీపడగానే చుయ్యిమని ఇగిరిపోతుంది. ఇంకా కాగితే, సుమారు 200 దగ్గర, చుక్క ఇగరడం మానేసి గుండులా దొర్లుతుంది. వేడి పెరిగితే చుక్క ఎక్కువసేపు బతకడం వింతే. చుక్క అడుగున పుట్టిన ఆవిరి పరుపులా ఏర్పడి దాన్ని పెనానికి తాకనివ్వదు. యోహాన్ గాట్‌లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో ఎర్రగా కాలిన ఇనప గరిటెలో నీటిబొట్టు వేసి దీన్ని వర్ణించాడు. ఉక్కు కర్మాగారంలో ఇదే పరుపు పెద్ద తలనొప్పి. ఎర్రటి కడ్డీ చుట్టూ ఆవిరి పొర కడితే నీరు దాన్ని చల్లబరచలేదు. పైన చెప్పుకున్న ఆ గట్టి ఒత్తిడి ఆ పొరని చీల్చడానికే.

సిజ్లర్ గురించి ఒక మాట. బల్ల మీదికి పొగలు కక్కుతూ వచ్చే ఆ ఇనప పళ్లెంలో ముక్క కాలుతున్నట్టు అనిపిస్తుంది. అప్పటికే అది వంటగదిలో పూర్తయిపోయి ఉంటుంది. పళ్లేన్ని విడిగా కాల్చి, క్యాబేజీ ఆకు పరిచి, అన్నీ సర్ది, బయటికి తెచ్చే ముందు వెన్నో సాసో పోస్తారు. ఆ చప్పుడంతా దానిదే. పళ్లెం వేడికి పాపం ముక్క అక్కడ కూడా ఉడుకుతూనే ఉంటుంది. ఫోటోలు తీసుకుంటూ కూర్చుంటే మీడియమ్ కాస్తా వెల్‌డన్ అయిపోతుంది.

ఎర్ర నీళ్లు, ఎర్రబడిన మొహాలు

సగం కాల్చిన మాంసంలోంచి వచ్చే ఎర్ర నీటిని చూసి రక్తమని పళ్లెం తోసేసేవాళ్లున్నారు. కోసినప్పుడే రక్తం దాదాపు అంతా పోతుంది. ఆ ఎరుపు కండలో ఆమ్లజనిని నిల్వచేసే మయోగ్లోబిన్‌ది. 60 దాటాక అది క్రమంగా గోధుమరంగుకి తిరుగుతుంది. సూర చేప కండ, అంటే ట్యూనా, గొడ్డుమాంసంలా ఎర్రగా ఉండేదీ దీనివల్లే. అది మహాసముద్రాలు ఈదే చేప.

మధ్యలో పచ్చిగా ఉన్న మాంసం తినొచ్చా? గట్టి ముక్క అయితే క్రిములు సాధారణంగా పైపొర మీదే ఉంటాయి, అక్కడ 150 డిగ్రీల్లో చస్తాయి. కైమా కొట్టినప్పుడు పైపొర లోపలికీ లోపలిది పైకీ కలిసిపోతుంది. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ గొడ్డు, పొట్టేలు ముక్కకీ చేపకీ 63 డిగ్రీలు చాలంటూ ఆ మాంసాల కైమాకి 71 అడుగుతుంది. చేప విషయంలో ఆ 63, వంటవాళ్లకి నచ్చే 55 మధ్య ఎప్పుడూ గొడవే. గర్భిణులూ పసిపిల్లలూ ముసలివాళ్లూ ఉన్న బల్ల దగ్గర నేను 63 వైపే ఉంటాను.

ఎండ ఊళ్లో అసలు ప్రమాదం మరొకటుంది. కోనం, సూర, కానగంతల కండలో హిస్టిడిన్ అనే అమినో ఆమ్లం మెండుగా ఉంటుంది. చేప మంచు లేకుండా ఎండలో పడి ఉంటే క్రిములు దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. తిన్న గంటలోపు మొహం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి. చాలామంది ‘నాకు చేప పడదు’ అనుకుంటారు. ఈ హిస్టమిన్ వేయించినా పోదు, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా పోదు. పుట్టకుండా చూడటం ఒక్కటే దారి, అంటే పడవలో పడ్డ క్షణం నుంచి మంచు. హోటల్ చేపకి ఎక్కువ ధర కట్టేటప్పుడు మనం నిజంగా ఇవ్వాల్సిన డబ్బు దీనికే, ఇంటికి కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్నా ఇదే.

నీచు వాసన వేరే విషయం, దాన్ని విషంతో కలపొద్దు. సముద్రపు చేప కండలోని ఒక పదార్థం చేప పాతబడేకొద్దీ ట్రైమిథైలమీన్‌గా మారి ఆ వాసన కొడుతుంది. పులుపు తగిలితే ఇది ఆవిరి కాలేని రూపానికి మారుతుంది. హోటల్లో నిమ్మచెక్క, ఇంట్లో చింతపండు చేసే పని అదే. నిమ్మరసాన్ని మాత్రం కాల్చకముందు పోయకండి. పులుపు ఎర్రబడే చర్యని మందగింపజేస్తుంది.

నాలుకకి చేరేలోపు

హోటల్ ముక్క రుచిలో కొంత భాగం ముక్కలో లేదు. ఇటలీకి చెందిన మాసిమిలియానో జాంపిని, ఆక్స్‌ఫర్డ్‌లో చార్ల్స్ స్పెన్స్ కలిసి 2004లో ఒక ప్రయోగం ప్రకటించారు. తినేవాళ్ల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి ఆలూ చిప్స్ కొరికించారు. కొరికిన చప్పుడునే కాస్త పెంచి వినిపిస్తే అవే చిప్స్ ఎక్కువ తాజాగా, ఎక్కువ కరకరగా ఉన్నాయన్నారు జనం. సిజ్లర్ వెళుతుంటే పక్క బల్లల తలలు ఎందుకు తిరుగుతాయో దీన్నిబట్టి ఊహించొచ్చు.

స్పెన్స్ బృందమే 2015లో ఎడిన్‌బరోలోని ఒక హోటల్లో అతిథులకి ఒకే భోజనం పెట్టింది. కొందరికి బరువైన ఫోర్కులూ కత్తులూ ఇచ్చింది, కొందరికి తేలికవి. బరువైనవి పట్టుకున్నవాళ్లు వంట ఎక్కువ బాగుందన్నారు, దానికి ఎక్కువ ధర ఇవ్వడానికీ సిద్ధపడ్డారు. అంతకుముందు 2008లో కాలిఫోర్నియాలో ఒకే వైన్‌ని రెండు ధరలు చెప్పి తాగించారు. ఎక్కువ ధర విన్నప్పుడు అది బాగుందని చెప్పడమే కాదు, సుఖాన్ని లెక్కగట్టే మెదడు భాగం కూడా స్కానింగులో ఎక్కువ వెలిగింది. వాళ్లు మర్యాదకి అబద్ధమాడలేదు, నిజంగానే ఎక్కువ ఆనందించారు. మసక దీపాలు, దళసరి గుడ్డ నేప్‌కిన్, అద్దంలోంచి కనిపించే సముద్రం, ఇవన్నీ మెదడులో ఆ లెక్కలోకే వెళతాయని నా అనుమానం. బిల్లు చూసి మోసమనుకోనక్కర్లేదు, వంటలో భాగమనుకోవచ్చు.

ఫోర్కు విషయంలో మాత్రం నాది వేరే పక్షం. ఆ ఎడిన్‌బరో ప్రయోగం చేత్తో తినేవాళ్ల మీద చేసినది కాదు. ముక్క ఎంత వేడిగా ఉందో నాలుక కాలకముందే వేలికొసలు చెబుతాయి. పొరలు ఎక్కడ విడిపోతున్నాయో, మధ్యముల్లు పక్కన ఏ చిన్న ముల్లు దాగుందో కూడా వాటికే తెలుస్తుంది. మీడియమ్‌కీ వెల్‌డన్‌కీ తేడాని వంటవాడు చూసేదీ ముక్కని వేలితో నొక్కే. కోనంలాంటి ముల్లున్న ముక్కని బరువైన ఉక్కు ఫోర్కుతో కెలికి సగం పళ్లెంలో వదిలేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఎంత పెద్ద హోటలైనా సరే, చెయ్యి కడుక్కొచ్చి తినండి. ఫింగర్ బౌల్ అడిగితే నిమ్మచెక్క వేసి మరీ తెస్తారు.